తిరగేసిన దారి

షాపు గుమ్మానికి వేలాడదీసిన పాత ట్యూబు ఆ ఆదివారం పొద్దున కాలవ వైపుకి ఊగుతోంది. బావ చేతిలో పంపు పట్టుకుని కాసేపు దాన్నే చూశాడు.

"గాలి అటు పోతోంది. ఎప్పటిలా వెళ్తే తిరిగొచ్చేటప్పుడు కాలవగట్టు పొడుగునా మొహం మీద కొడుతుంది. ఇవాళ దారి తిరగేద్దాం," అన్నాడు.

తిరగెయ్యడం ఎంత పని? కంప్యూటర్లో దారి గీతని ఎంచుకుని ఒక్కచోట నొక్కితే చాలు, మొదలు చివరవుతుంది, చివర మొదలవుతుంది. బావ నొక్కాడు. షాపు ముందు చేరినవాళ్ళ సైకిళ్ళ మీద ఉన్న చిన్న తెరలకి కొత్త దారి ఒక్కొక్కటిగా అందింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఆ దారి గీసింది నేనే.

మా అక్క మొగుడికి సైకిళ్ళ షాపు. మా ఊరి బడిలో చదువు అయ్యాక నేను వాళ్ళింటికి వచ్చి షాపులో పనిలో చేరాను. కౌంటరు దగ్గర మాట్లాడే పని నా వల్ల కాదని బావకి తొందరగానే తెలిసింది. ఆదివారం గుంపు కోసం దారులు వెతికే పని అప్పజెప్పాడు. ఆ గుంపుకి తారు రోడ్డు అక్కర్లేదు. కంకర, మట్టి, గట్టు, డొంక ఇవే కావాలి. మామూలు రోజుల్లో నేనొక్కదాన్నే బయల్దేరి కాలవగట్లూ, పైపులైను దారులూ, వదిలేసిన క్వారీలూ తిరిగి చూస్తాను. ఎవరి పొలమో కనుక్కుని అనుమతి అడుగుతాను. ఇంటికొచ్చి గీత గీస్తాను. ప్రమాదం ఉన్నచోటల్లా ఒక గుర్తు పెడతాను. సైకిలు ఆ గుర్తు దగ్గరికి రాగానే తెర కూస్తుంది, రెండు మాటలు చూపిస్తుంది. గుర్తు పెట్టడంలో కిటుకు ఒక్కటే. గుంట ఉన్నచోట పెట్టకూడదు, గుంటకి కాస్త ముందు పెట్టాలి. బ్రేకు పట్టుకునే వ్యవధి ఉండాలి కదా.

ఆ పొద్దున అందరికంటే హుషారుగా ఉంది అక్క. పాప కడుపున పడ్డప్పటి నుంచి సైకిలు ముట్టుకోలేదు. పాపకి ఇంకా ఏడాది నిండలేదు. అమ్మ వచ్చి పాపని చూసుకుంటానంటే, ఇన్నాళ్ళకి హెల్మెట్ దుమ్ము దులిపింది. ఒకప్పుడు గుంపులో దిగుడు దారిలో అక్కని అందుకున్నవాళ్ళు లేరు. అది గుర్తున్న మా గుంపు పళ్ళ డాక్టరు ఊరుకుంటాడా?

"అమ్మాయిగారు పాలపళ్ళ దగ్గరే ఆగిపోయారనుకున్నామే! మళ్ళీ బరిలోకా?"

"మీ కట్టుడు పళ్ళు జాగ్రత్త డాక్టరుగారూ. నా వెనక వస్తే దుమ్ము తినాలి," అంది అక్క.

అందరూ నవ్వారు. అక్క నా దగ్గరికి వచ్చి తన ఫోను నా వీపు సంచిలో పడేసింది. "నీ దగ్గరుంచవే. అమ్మ మాటిమాటికీ చేస్తుంది, పాప తుమ్మిందనీ, దగ్గిందనీ. ఈ ఒక్క పూటా నన్ను వదిలెయ్యమను."

"నువ్వు మానేశాక గీసిన దారి ఇది, నీకు తెలీదు కదక్కా, మాతోపాటే రా," అన్నాను.

బావ టైరు నొక్కి చూస్తూ అన్నాడు, "తెలియకపోతేనేం? మీ చెల్లెలు అంతా గుర్తులు పెట్టింది. ముందు ఏముందో అదే చెప్తుంది. అది కూయలేదంటే ఏమీ లేనట్టే, కళ్ళు మూసుకుని పోవచ్చు."

అక్క నా బుగ్గ గిల్లి సైకిలెక్కింది.

కాలవగట్టు మీద గాలి వీపున తోస్తుంటే సైకిళ్ళు వాటంతటవే పోతున్నట్టున్నాయి. అందరికంటే వెనక రావడం నా పని. ఎవరికి గొలుసు తెగినా, గాలి దిగినా నేనుండాలి. గుంపు పొడుగ్గా సాగిపోయింది. అక్క పసుపు చొక్కా ముందు గోరంతై, తర్వాత చుక్కై, ఆ తర్వాత కనపడలేదు. అక్క అలా పోతుంటే నాకు ముచ్చటేసింది. ఇంట్లో పాలసీసాలు కడుగుతున్నప్పుడు కిటికీలోంచి రోడ్డుకేసి చూసే అక్కని నేను రోజూ చూస్తున్నాను.

గట్టు దాటి పైపులైను దారిలోకి తిరిగాం. నా ముందు పళ్ళ డాక్టరు ఒక్కడే ఉన్నాడు. ఆ దారిలో ఒకచోట అడ్డంగా చిన్న కాలవ ఉంది, పైనున్న బల్ల సగం విరిగిపోయింది. డాక్టరు తన ధోరణిలో ఏదో చెబుతూ దాని మీదికి పోయాడు. ముందు చక్రం దభీమని పడి లేచింది. ఆయన పడలేదు గాని టైరు తుస్సుమంది. ఆయన దిగి, తిట్టుకుంటూ సైకిల్ని నాలుగడుగులు నడిపించాడు. అప్పుడు ఆయన తెర కూసింది. ముందు విరిగిన బల్ల ఉంది, జాగ్రత్త.

డాక్టరు తెరనీ, వెనకున్న బల్లనీ మార్చి మార్చి చూశాడు. "పెళ్ళయ్యాక బాజా మోగినట్టుందే అమ్మాయ్! ఇదేనా నీ హెచ్చరిక? అన్నాలు తిని చేతులు కడుక్కున్నాక వచ్చే చుట్టంలా ఉంది."

నేనూ నవ్వాను. వంగి ట్యూబు బయటికి లాగుతుండగా నవ్వు సగంలో ఆగిపోయింది.

బావ గీతని తిప్పాడు. గీత తిరిగింది. గుర్తులు తిరగలేదు. నేను ఎక్కడ పాతానో అక్కడే ఉన్నాయి. అటు నుంచి వచ్చేవాడికి ముందు ఉన్నది, ఇటు నుంచి వచ్చేవాడికి దాటిపోయాక ఉంది.

ఆ దారిలో గుర్తులన్నీ నాకు ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. కాలవగట్టు దగ్గర గోతులు, వాటిని కళ్ళతోనే చూడొచ్చు. బల్ల, టైరుతో పోయింది. క్వారీ దగ్గర వదులు రాళ్ళు. ఆ తర్వాత, కొండ దిగేచోట, చివరి మలుపు తిరగ్గానే, తీగ.

కొండకి అవతలి వాలు ఆవులావిడది. మేం అలాగే పిలుస్తాం. ఆవుల్ని వాలు మీద మేపుకుంటుంది. అవి వాగువైపు దిగి రోడ్డు మీద పడకుండా దారికి అడ్డంగా రెండు తీగలు కట్టింది. ఒకటి మోకాలెత్తున, ఒకటి ఆవు మెడ ఎత్తున. సైకిలు మీద ముందుకి వంగి కూర్చున్న మనిషికి అది సరిగ్గా గొంతుకి వస్తుంది. చెట్ల నీడలో బూడిదరంగు కంకర మీద బూడిదరంగు తీగ, దగ్గరికి వెళ్ళినా వెతుక్కోవాలి. మొదట నేను ఎర్రగుడ్డ కట్టాను. దూడ దాన్ని నమిలి మింగింది, పశువుల డాక్టరు వచ్చి నానా అవస్థా పడ్డాడు. అప్పట్నుంచి గుడ్డ కట్టనని మాటిచ్చాను. తీగ విప్పి దాటిన ప్రతిసారీ ఉన్నదున్నట్టు బిగిస్తానని కూడా మాటిచ్చాను. ఎప్పుడూ వాగువైపు నుంచి ఎక్కుతాం కాబట్టి తీగ దగ్గరికి వచ్చేసరికి నడకలా ఉంటుంది మా వేగం. అందరూ దిగుతారు, నేను విప్పుతాను, అందరూ దాటాక కడతాను. గుంపులో పాతవాళ్ళందరికీ తెలుసు. తెలియంది అక్క ఒక్కదానికే. పసుపు చొక్కా అందరికంటే ముందుంది.

"మీరు అతికించుకోగలరు కదా డాక్టరుగారూ," అని పంపు ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఏదో అన్నాడు. వినలేదు.

అంత గట్టిగా నేనెప్పుడూ తొక్కలేదు. క్వారీ మొదట్లో, పాత రాళ్ళకొట్టం నీడలో, బావా మరి కొందరూ ఆగి నీళ్ళు తాగుతున్నారు. పసుపు చొక్కా లేదు.

"బావా, అక్కేదీ?"

"ఇంకా అక్కెక్కడ? ఎప్పుడో పైకెక్కింది. నీళ్ళు కూడా తాగలేదు. ఏంటలా రొప్పుతున్నావ్?"

"గుర్తులు తిరగలేదు బావా. గీత ఒక్కటే తిరిగింది. అన్నీ దాటాక కూస్తున్నాయి. తీగ దగ్గర కూడా దాటాకే కూస్తుంది."

"ఏ తీగ?" అన్నాడు బావ. చేతిలో సీసాలోంచి నీళ్ళు బూటు మీద కారుతున్నాయి, చూసుకోలేదు. "కూయకపోతే ఏమీ లేనట్టే అని పొద్దున నేనే కదే చెప్పాను..."

ఫోను తీసి అక్కకి చేశాడు. అది నా వీపు మీద మోగింది.

ఆ మోత వింటూ ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. బావ సీసా అక్కడే పడేసి సైకిలెక్కి కొండదారి పట్టాడు. మిగతావాళ్ళూ ఏమైందో సగం అర్థమై, సగం కాక, ఆయన వెనక పడ్డారు. బావ కాళ్ళలో బలముంది. కానీ ఎక్కుడు దారిలో మనిషి ఎంత తొక్కినా, అవతల దిగుడు మొదలెట్టినవాళ్ళని అందుకోగలడా? అక్క ఈ పాటికి పైన ఉంటుంది. పైన ఒక్క క్షణమైనా ఆగి ఊపిరి పీల్చుకోవాలని, నీళ్ళు తాగాలని, లేసు కట్టుకోవాలని మనసులో మొక్కుకున్నాను. అక్క సంగతి నాకు తెలుసు. దిగుడు కనపడితే ఆగదు.

ఆవులావిడ నంబరు నా దగ్గరుంది. చేశాను. చాలాసేపు మోగింది. సైకిలు కొట్టం దగ్గరే వదిలేసి నేను క్వారీ కోతవైపు నడుస్తూనే ఉన్నాను. పాతరోజుల్లో రాళ్ళు దించడానికి కొండని అడ్డంగా కోసిన గాడి అది. సైకిలు పోదు, మనిషి పోవచ్చు. కొండ చుట్టూ పోకుండా నేరుగా అవతలి వాలు మీదికి తేలుతుంది.

"ఎవరూ?"

"నేనండీ, సైకిలమ్మాయిని. మీరు తీగ దగ్గరున్నారా?"

"పాకలో ఉన్నా. కుడితి కలుపుతున్నా. ఏం, ఇవాళ ఇంకా రాలేదేం మీరు?"

"ఇవాళ పైనుంచి వస్తున్నామండీ, కొండ మీద నుంచి దిగుతూ. మా అక్క ముందు వస్తోంది. తనకి తీగ సంగతి తెలీదు. మీరు వెంటనే వెళ్ళి విప్పెయ్యాలి."

"పైనుంచా! పైనుంచి ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? విప్పితే గొడ్లు రోడ్డెక్కవూ?"

"నేను పట్టుకొస్తానండీ, ఎన్ని పోతే అన్నీ నేను పట్టుకొస్తాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, విప్పండి."

"విప్పడం నోటి మాటా తల్లీ? పోయిన వారం నువ్వే బిగించి పోయావు పట్టకారు పెట్టి. నా వేళ్ళతో వస్తుందా అది? పట్టకారు ఎక్కడ పెట్టానో ఏమో... ఎంత దూరంలో ఉంది మీ అక్క?"

"వచ్చేస్తోందండీ. తనకి చంటిపిల్ల..."

అవతల చప్పుడు లేదు. చూస్తే ఫోనులో సిగ్నలు లేదు. ఎంతవరకు విన్నదో తెలీదు.

గాడిలో రాళ్ళు మెట్లుమెట్లుగా ఉన్నాయి, మధ్యలో ముళ్ళకంప. ఎక్కడ కూర్చుని జారానో, ఎక్కడ గెంతానో గుర్తులేదు. బాగా బిగిస్తే ఆవులావిడ "చేతిపనిగల పిల్ల" అని మెచ్చుకునేది. ఆ మెప్పు కోసం ప్రతిసారీ ఇంకొక మెలిక ఎక్కువ తిప్పేదాన్ని. ఆ మెలికలన్నీ ఇప్పుడు ఆవిడ ముసలి వేళ్ళ కింద ఉన్నాయి.

గాడి చివరకొచ్చేసరికి వాలు మొత్తం కనపడింది. పైన దారి పాములా మెలికలు తిరుగుతోంది. నా కింద చివరి మలుపు, దాని పక్కన చెట్లగుంపు, ఆ చెట్ల వెనక తీగ. ఆవులు వాలుకి అటు చివర, దూరంగా, తలలు వంచి మేస్తున్నాయి. తీగ దగ్గర మనిషి ఉన్న అలికిడి లేదు.

అప్పుడు పైన కంకర చప్పుడు వినిపించింది. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమని ఒకటే చప్పుడు. పసుపు చొక్కా పైమెలికలోంచి బయటపడింది.

"అక్కా! ఆగు!"

నా గొంతు నాకే సరిగా వినపడలేదు. గాలి దాన్ని అటే తీసుకుపోయింది. రెండు చేతులూ ఎత్తి ఊపాను. రాయి ఎక్కి ఎగిరాను. అక్క తల తిప్పింది. చూసింది. నన్ను చూసిందని ప్రాణం లేచివచ్చింది.

అక్క బ్రేకు మీద నుంచి ఒక చెయ్యి తీసి, నాకు ఊపింది.

అక్క నవ్వుతోందని అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. ముందుకొచ్చి తనకి సంబరంగా చెయ్యి ఊపుతున్నాననుకుంది. మెడ ఇంకా కిందికి వంచింది, వేగం ఇంకా పెంచింది. ఎత్తిన చేతులు ఏం చెయ్యాలో తెలియక గాలిలోనే ఆగిపోయాయి. ఇక అరిస్తే ఇంకా వేగంగా పోతుందేమోనని భయం, అరవకపోతే ఎలా అని భయం.

అదే సమయానికి కింద చెట్లలోంచి ఏదో రేకు చప్పుడు మొదలైంది. డబడబా, డబడబా, ఎవరో కోపంతో బకెట్‌ని రాయికేసి బాదుతున్నట్టు. నాకు అర్థం కాలేదు. ముడి విప్పలేక విసుగొచ్చి బాదుతోందా? అటు చివర మేస్తున్న ఆవులు తలలెత్తాయి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒకటి కదిలింది. దాని వెనక మరొకటి. ఆ తర్వాత మందంతా ఒక్కసారిగా, పొదుగులు ఊగిపోతుంటే, వాలుకి అడ్డంపడి దారివైపు పరుగెత్తింది. కుడితి బకెట్ మోగితే ఆవులకి ఇంకేం అక్కర్లేదు. ఆవిడ సాయంత్రాలు వాటిని పిలిచేది అలాగే. నేనే ఎన్నోసార్లు చూశాను.

పసుపు చొక్కా నా కిందనుంచి దూసుకుపోయి మలుపు వెనక మాయమైంది. ఆవులూ చెట్ల వెనక మాయమయ్యాయి. ఎవరు ముందు చేరారో నాకు కనపడలేదు.

కంకర బర్రున ఈడ్చుకుపోయిన చప్పుడొకటి వినిపించింది. తర్వాత ఏమీ లేదు. బకెట్ కూడా ఆగిపోయింది. ఒక ఆవు అరిచింది.

అప్పుడు వినిపించింది అక్క గొంతు.

"ఎవరివండీ ఈ గొడ్లు! దారికి అడ్డంగా తోలడానికి బుద్ధుందా? మనుషులు వస్తారని తెలీదూ? చచ్చుండేదాన్ని!"

రాయి మీదే కూలబడిపోయాను. అక్క తిట్లు అంత కమ్మగా ఉంటాయని నాకు అంతవరకూ తెలీదు. కాసేపు అలాగే కూర్చుని విని, తర్వాత దిగి వెళ్ళాను.

అక్క దారి మధ్యలో నిలబడి ఉంది. మోచేయి గీరుకుపోయింది, మోకాలి దగ్గర చిరిగింది, హెల్మెట్ పక్కకి ఒరిగింది. సైకిలు పేడలో పడి ఉంది. చుట్టూ ఆవులు, గోడ కట్టినట్టు. ఒకటి అక్క చొక్కా వాసన చూస్తోంది.

"చూడవే చిన్నదానా, ఈ ముసలావిడ నా ముందుకి మందని తోలింది!"

ఆవులావిడ తీగకి అవతల నిలబడి ఉంది. ఒక చేతిలో సొట్టలు పడ్డ బకెట్. రొప్పుతోంది. "ఆయాసంతో చస్తున్నాను, తర్వాత తిట్టు తల్లీ. నీ చెల్లెలు మధ్యలో ఫోను పెట్టేసింది. ఆ ముడి నా వల్ల కాలేదు. తీగ కనపడకపోతే పోయె, ఆవు కనపడదా అనుకున్నాను."

"ఏ తీగ?" అంది అక్క.

పొద్దున్నుంచి ఆ మాట నేను వినడం రెండోసారి. అక్క ఆవుల్ని తోసుకుంటూ రెండడుగులు ముందుకేసింది. మూడో అడుగు వెయ్యబోయి ఆగింది. చెయ్యి చాపి తడిమింది. వేళ్ళు తీగకి తగిలాయి. అక్కడే పట్టుకుని, సైకిలు మీద కూర్చున్నట్టు ముందుకి వంగి, ఆ ఎత్తునే చెయ్యి వెనక్కి తెచ్చి తన గొంతు మీద పెట్టుకుంది. ఆవులావిడ బకెట్‌లో చెయ్యి ముంచి, ఆ చేత్తోనే తీగ మీద నుంచి వంగి అక్క మోచేతి మీది రక్తం తుడిచింది. రక్తం మీద కుడితి పూసినట్టయింది. అక్క వద్దనలేదు.

బావ పై మలుపు నుంచి వచ్చాడు. సైకిలు దిగి, నడిపించుకుంటూ. అక్కని చూశాడు. ఆవుల్ని చూశాడు. అక్క హెల్మెట్ సరిచేసి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

"పాప ఏం చేస్తోందో," అంది అక్క.

నేను సంచిలోంచి ఫోను తీసిచ్చాను. అందులో అమ్మ చేసిన కాల్స్ చాలా ఉన్నాయి. పాప తుమ్మి ఉంటుంది.

పట్టకారు నా సైకిలు సంచిలో ఉండిపోయింది, సైకిలేమో గాడికి అవతల. చివరికి బావ జేబులోంచి ఇంకొకటి తీశాడు. నా మెలికలు నేనే విప్పాను. వేళ్ళు నొప్పి పుట్టాయి. తీగ పక్కకి లాగి పట్టుకున్నాను. ఆవులావిడ బకెట్ పట్టుకుని పై వాలువైపు నడుస్తుంటే ఆవులు ఆవిడ వెనక పోయాయి. అప్పటికి మిగతావాళ్ళూ వచ్చేశారు. ఒక్కొక్కరే దిగి, సైకిళ్ళు నడిపించుకుంటూ నా ముందు నుంచి దాటారు.

ముందు అక్క దాటింది. తీగ దాటి నాలుగడుగులు వేసిందో లేదో, ఆమె తెర కూసింది. ముందు తీగ ఉంది, దిగి నడవండి.

అక్క ఆగి దాన్ని చదివింది. తల తిప్పి నావైపు చూసింది. తర్వాత బావ తెర కూసింది. తర్వాత ఇంకొకరిది. తర్వాత ఇంకొకరిది. దాటినవాళ్ళు దాటినట్టే, ఒకదాని వెనక ఒకటి.

అందరికంటే చివర పళ్ళ డాక్టరు వచ్చాడు, టైరు అతికించుకుని. ఆవుల్నీ, మా మొహాల్నీ చూసి సైకిలు దిగాడు. ఆయన దాటాక నేను తీగని మళ్ళీ అడ్డంగా లాగి మెలిక తిప్పడం మొదలుపెట్టాను. వెనక ఆయన తెర కూసింది.

"వదులుగా కట్టవే," అన్నాడు బావ నెమ్మదిగా.

"గట్టిగా కట్టు తల్లీ," అంది వాలు మీద నుంచి ఆవులావిడ. "గొడ్లకి నీ గీతలు తెలియవు."

గట్టిగానే కట్టాను. కట్టాక రెండు తీగల మధ్య నుంచి దూరి కొండవైపుకి వచ్చి, మలుపు ఎక్కి, పైనుంచి వచ్చేవాళ్ళకి తీగ కంటే ముందుగా ఎక్కడ కనపడాలో అక్కడ నిలబడ్డాను. వెనకే వచ్చిన బావ తన తెర విప్పి నా చేతికిచ్చాడు. అక్కడ కొత్త గుర్తు పెట్టాను. ఇంకొంచెం పైకి నడిచి, ఎందుకైనా మంచిదని, ఇంకొకటి పెట్టాను.